మెక్సికోకి మూడు రాత్రుల రిహార్సల్

ముందే ఒప్పేసుకుంటున్నాను. నిక్షేపంలా ఉన్న మొగుడికి ఆటలమ్మ పోసిందని అబద్ధం చెప్పాను. అదీ ఒక డాక్టరుగారికి.

నేను సుధేష్ణ. ఐర్లాండ్‌లోని గాల్వేలో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. మా ఆయన ఆశిష్ అదే కంపెనీలో టెస్టర్. అంటే నేను రాసినదాంట్లో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. ఇంట్లోనూ అదే పని, కాకపోతే జీతం ఉండదు.

కాకినాడలో ఇద్దరం ఇంజనీరింగ్ చదివేటప్పటి నుంచీ నాకు ఒకటే పిచ్చి. మెక్సికోలో ఒక పాత వ్యాన్ కొని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, చవగ్గా ఆరు నెలలు తిరగాలి. రూటు మ్యాపులు, స్పానిష్ పాఠాలు, ఎక్కడ ఏ నెలలో వానలు పడతాయో చెప్పే చార్టు, అన్నీ సిద్ధం. ఆశిష్ అన్నిటికీ తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

చివరికి ఒక షరతు పెట్టాడు. "ముందు ఇక్కడే మూడు రాత్రులు వ్యాన్‌లో పడుకుని చూద్దాం సుధా. పాసైతే ఇద్దరం సెలవు ఫారం పెట్టేద్దాం."

ఆరు నెలల సెలవు ఫారానికి సోమవారం ఆఖరి రోజు. అది తప్పితే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి. శుక్రవారం ఒక ముసలి వ్యాన్ అద్దెకి తీసుకుని బయల్దేరాం.

మొదటి రాత్రి ఎన్నిస్ దగ్గర ఆపాం. కుక్కర్ రెండో విజిల్ వేసిందో లేదో, ఫోన్ మోగింది.

"అమ్మా, నేను రామలింగేశ్వరరావు అంకుల్ని. మా ఊరొచ్చి వ్యాన్‌లో పడుకోవడమేంటమ్మా? మా ఇంటికి తలుపుల్లేవా? గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, వచ్చి అద్దం కొడితే ఏం చెప్తారు?"

కాదంటే తప్పు, వెళ్తే రిహార్సల్ పోతుంది. వెళ్ళాం. పెసరట్లు తిని, మెత్తటి పరుపు మీద పడుకున్నాం. శనివారం కాసిల్‌బార్‌లో ఇంకో అంకుల్, ఇంకో పరుపు, ఈసారి గుత్తివంకాయ కూర. మనవాళ్ళ ప్రేమకి జీపీఎస్ అక్కర్లేదు కదా అనుకున్నాను. అంత తెలివైనదాన్ని మరి.

ఇక మిగిలింది ఆదివారం ఒక్క రాత్రి. స్లైగో దగ్గర స్ట్రాండ్‌హిల్‌లో సముద్రానికి ఎదురుగా వ్యాన్ ఆపాం. సాయంత్రం ఆరింటికి మళ్ళీ ఫోన్. అక్కడి పెద్దాసుపత్రిలో పనిచేసే మధుసూదన్ అంకుల్. గాల్వేలో ఉగాది ఫంక్షన్‌లో ఒకసారి కలిశాం.

"ఎక్కడున్నారమ్మా? భోజనానికి వచ్చేయండి."

నా బుర్ర మెరుపులా పనిచేసింది. ఆటలమ్మ పేరు చెబితే కాకినాడలో ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. "లేదంకుల్, ఆశిష్‌కి ఆటలమ్మ పోసింది. మీకు అంటుకుంటుంది. మేం వ్యాన్‌లోనే ఉండిపోతాం."

"అయ్యో! ఉండండి, పది నిమిషాల్లో వస్తున్నా."

ఆయన పెద్ద డాక్టరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పది నిమిషాల్లో కారు వచ్చేసింది. అంకుల్ బ్యాగుతో దిగారు. వెనకే విమల ఆంటీ, చేతిలో జిప్‌లాక్ కవర్. లోపల వేపాకు. స్లైగోలో వేపాకు! ఇలాంటి రోజు కోసమే రెండేళ్ళుగా ఫ్రీజర్‌లో దాచారట.

"చొక్కా ఎత్తు బాబూ," అన్నారు అంకుల్. ఆశిష్ ఎత్తాడు. వీపు చూశారు, పొట్ట చూశారు. మెడ మీద ఉన్న ఒకే ఒక్క ఎర్ర మచ్చని ఫోన్ లైటు వేసి చూశారు.

"ఇది దోమలాంటి పురుగు కుట్టిన మచ్చ. మిగతాదంతా గ్రాండ్. ఎవరమ్మా ఆటలమ్మ అన్నది?"

నేను సముద్రం వైపు చూశాను.

"మరి రాత్రికి మా ఇంట్లో ఉంటామని మధ్యాహ్నం ఇతనే కదా మెసేజ్ పెట్టాడు?" అన్నారు అంకుల్, ఆశిష్ వైపు తిరిగి.

"గెస్ట్ రూమ్‌లో హీటింగ్ వేసి ఉంచమని కూడా రాశాడు," అని ఆంటీ అమాయకంగా కలిపారు.

అంకుల్ ఒకసారి నన్ను చూశారు, ఒకసారి ఆశిష్‌ని చూశారు. "విమలా, మనం కార్లో కూర్చుందాం పద," అన్నారు.

వాళ్ళు వెళ్ళగానే ఆశిష్ వైపు తిరిగాను. "ఒరేయ్, ఎన్నిస్‌లో కూడా నువ్వేనా?"

"ఊ."

"కాసిల్‌బార్?"

"గుత్తివంకాయ కూడా నేనే అడిగా."

"రానని చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు కూడా ఆగిపోతావు. ఆగిపోయి బతికినంతకాలం దెప్పుతావు." చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "బాత్రూం ఎక్కడుందో తెలియని చోట నాకు నిద్రపట్టదు సుధా. ఆరు నెలలంటే భయంగా ఉంది. టెస్ట్ ఫెయిలైతే తప్పు వ్యాన్ మీదకి పోతుంది కదా అనుకున్నా."

పన్నెండేళ్ళ పరిచయంలో అతను నాకు రిపోర్ట్ చేసిన మొదటి నిజమైన తప్పు ఇదే. కోపం తెచ్చుకుందామనుకున్నాను, సగమే వచ్చింది.

"నువ్వు వాళ్ళింటికి వెళ్ళు. నేను ఇక్కడే పడుకుంటా."

"ఒక్కదానివే?"

"టెస్ట్ నాది కూడా కదా."

వెళ్ళాడు. గాలికి వ్యాన్ ఉయ్యాలలా ఊగింది. పైకప్పు మీద వాన ఒకటే మోత. నాకు భయమేసిందా అంటే, వేసింది. ఎనిమిదింటికి వేసింది. తొమ్మిదింటికి నిద్ర కూడా వచ్చేసింది.

పొద్దున్నే ఆశిష్ ఇడ్లీ డబ్బాతో అద్దం కొట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెత్తటి పరుపు మీద అతనికే నిద్రపట్టలేదట.

"ఎలా పడుకున్నావ్?"

"బ్రహ్మాండంగా."

"అయితే వెళ్తావా?"

"వెళ్తా."

కాసేపు ఇడ్లీ నమిలాడు. "నాలుగో నెలలో నేను విమానంలో వస్తా. హోటల్లో ఉంటా. పగలంతా కలిసి తిరుగుదాం, రాత్రి నీ వ్యాన్ నీది, నా బాత్రూం నాది."

అక్కడే, అతని పక్కనే కూర్చుని ఫోన్‌లో ఫారం నింపాను. ఒక్క పేరుతో. పంపేముందు అతనికి చూపించాను. తేదీలో ఒక తప్పు పట్టుకున్నాడు.

ఇక మీరు చెప్పండి. రానని అనలేక మీతో బయల్దేరినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. ఎంత దూరం వచ్చారు, ఎక్కడ దిగిపోయారు, దిగాక మీరు ఆగారా, ముందుకెళ్ళారా? కింద రాయండి. దిగిపోయింది మీరే అయితే, అది ఇంకా తప్పకుండా రాయండి. ఆశిష్ కూడా చదువుతాడు.