నలభై ఒకటి అంటే ఎండ కాదు

నేను ఒక జ్వరం చూసే మిషన్ని. గాజు గొట్టం, పాదరసం మా తాతల కాలం నాటి సంగతి. నాకున్నది తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, చిన్న అద్దం, అందులో అంకెలు. నోరు లేదు. అంకెలు చాలనుకున్నారు నన్ను చేసినవాళ్లు. మహానుభావులు! ఏ లెక్కలోదో తెలియని అంకె ఉన్నా లేనట్టేనని వాళ్లకెవరు చెప్పాలి?

నన్ను కొన్నది ఫిలోమినా, కువైట్‌లో నర్సు. అక్కడ జ్వరమైనా ఎండైనా సెల్సియస్‌లోనే చూస్తారు. ముప్పై ఏడంటే ఒళ్లు బాగున్నట్టు. నా వీపు మీది బటన్ నొక్కి నన్ను ఆ లెక్కలో పెట్టుకుంది. సెలవుకి రెంటచింతల వచ్చినప్పుడు సబ్బులు, సెంటు సీసాలతో పాటు నన్నూ అక్క లూర్దమ్మ చేతిలో పెట్టింది. బటన్ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు, పాపం.

లూర్దమ్మ ఊళ్లో పద్ధతి వేరు. అక్కడ ఎండ సెల్సియస్‌లో కాస్తుంది, జ్వరం ఫారెన్‌హీట్‌లో వస్తుంది. టీవీలో నలభై ఐదంటే తలకు తువ్వాలు చుట్టుకుంటారు, ఒంట్లో నూరు దాటితే మాత్ర వేసుకుంటారు. రెండూ వేడేగదా, రెండు కొలతలెందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం లూర్దమ్మ భర్త ఇన్నారెడ్డి మిరప కల్లం నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. పెళ్లాన్ని చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. లూర్దమ్మ గబగబా నన్ను తెచ్చి అతని చంకలో పెట్టింది. మరిగిపోతున్నాడు మనిషి! నలభై ఒకటి చూపించి, బీప్ బీప్‌మని మొత్తుకున్నాను.

ఇన్నారెడ్డి చిన్నాన్న బాలశౌరి పక్కనే ఉన్నాడు. "నలభై ఒకటేంది మావయ్యా?" అని అడిగింది లూర్దమ్మ.

"జొరమైతే నూరు దాటాలి గదమ్మా. ఇది ఎండని చూపిస్తంది."

"ఒళ్లు కాలిపోతందే! వడదెబ్బేమో, ఆస్పత్రికి పోదాం."

"ఈ ఎండకి గోడ ముట్టుకున్నా కాలతంది. కావాలంటే ఆ మిషన్ని ఊరికే గాల్లో పెట్టి చూడు."

లూర్దమ్మ నన్ను తీసి ఆ రేకుల ఇంట్లో గాలిలో పట్టుకుంది. అయ్యో, నా ఖర్మ! ఆ ఇంటి గాలి కూడా సరిగ్గా నలభై ఒకటే. అబద్ధం ఎలా ఆడను? ఉన్నదే చూపించాను.

"చూశావా!" అన్నాడు బాలశౌరి. "అలిసిపోయాడు. మజ్జిగ పట్టి పడుకోబెట్టు."

లూర్దమ్మ హమ్మయ్య అనుకుంది.

ఓసి పిచ్చి తల్లీ! తొమ్మిదితో హెచ్చించు, ఐదుతో భాగించు, ముప్పై రెండు కలుపు. పిసరు తక్కువ నూట ఆరు! లేదంటే నీ బొటనవేలి కిందున్న ఆ బటన్ నొక్కు! ఎంత గింజుకుంటే ఏం లాభం, నా అద్దంలో నలభై ఒకటి తప్ప ఇంకొకటి పడదు. ఆమె నన్ను డబ్బాలో పెట్టి మూత వేసి, మజ్జిగ కలపడానికి వెళ్లింది.

పొద్దు వాలేసరికి ఇన్నారెడ్డికి ఫిట్స్ వచ్చాయి. లూర్దమ్మా, బాలశౌరీ అతన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. నన్నూ వెంట తెచ్చారు.

"ఇంట్లో జ్వరం చూశారా?" అంది డాక్టరమ్మ.

"చూశామమ్మా. జొరం లేదు. నలభై ఒకటే ఉంది," అంది లూర్దమ్మ.

డాక్టరమ్మ నన్ను లాక్కుని బటన్ నొక్కి అతని చంకలో పెట్టింది. నూట ఆరు. ఆ అంకె చూసి లూర్దమ్మ "మరియమ్మ తల్లీ!" అంది. ఐసు ముక్కలు, తడిగుడ్డలు, సెలైన్ అన్నీ పెట్టారు. ఇంటి దగ్గరే ఆలస్యమైపోయింది. కాసేపటికి డాక్టరమ్మ అతని గుండె మీంచి స్టెతస్కోపు తీసేసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది.

లూర్దమ్మ ఏడవలేదు. నన్ను అందుకుని, భర్త చెయ్యెత్తి చంకలో పెట్టి, ఆ చెయ్యిని అదిమి పట్టుకుంది. అంతసేపూ ఐసు పెట్టిన ఒళ్లది. నూట మూడు చూపించాను. ఈసారి ఆమెకు తెలిసిన లెక్కలోనే చూపించాను.

"మావయ్యా, నూట మూడుకి దిగింది," అంది ఆమె. "తగ్గతంది మావయ్యా, జొరం తగ్గతంది."