నూటికి పదకొండు వంతులు

పతకం ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అదీ పోస్టులో, దూది కుక్కిన అట్టపెట్టెలో, గాజుగ్లాసులు పంపినట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఈత సమాఖ్య వాళ్ళని చూసి నేర్చుకోవాలి. ఆనాటి ప్రపంచ పోటీల్లో, ఆడవాళ్ళ ఫ్రీస్టైల్ రిలేలో మూడో స్థానం కొట్టిన జట్టులో ఒకమ్మాయి నిషేధించిన మందు వాడిందట. దాచి ఉంచిన నమూనాలు మళ్ళీ పరీక్షిస్తే ఇప్పుడు తేలిందట. వాళ్ళ పతకాలు వెనక్కి లాక్కుని, నాలుగో స్థానంలో ఉసూరుమన్న జట్టుకి పంపారు. జతగా ఒక ఉత్తరం. అందులో 'హర్షిస్తున్నాము' అన్న మాట మూడుసార్లుంది.

నలుగురికి నాలుగు పెట్టెలు. ఒక పెట్టె అందుకోవడానికి మాత్రం మనిషి లేదు.

ఆ పెట్టె టీచరమ్మ చేతికొచ్చింది. టీచరమ్మ అన్నది ఆమె దగ్గర ఈత నేర్చుకునే పిల్లలు పెట్టిన పేరు. ఇరవయ్యేడేళ్ళకే ఆ పేరేమిటని మొదట్లో ఉడుక్కునేది, తర్వాత అలవాటైపోయింది. ఆ పోటీలనాటికి ఆమెకి పంతొమ్మిది, జట్టులో అందరికన్నా చిన్నది. రిలేలో రెండో వంతు ఆమెది. మూడో వంతు బన్నుది.

బన్ను బేకరీలో రొట్టెలు కాల్చే ఆవిడ కూతురు. తల్లి తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించడానికి పోతూ పోతూ కూతుర్ని ఈతకొలను దగ్గర దింపేది. పద్నాలుగేళ్ళపాటు ఒక్క రోజు తప్పకుండా దింపింది. ఆ పిల్ల సంచి విప్పితే వేడి బన్నుల వాసన గుప్పుమనేది. జట్టంతా ఆ వాసనకే లేచేది, ఆ పేరూ అలా వచ్చిందే. నాలుగేళ్ళ క్రితం, ముప్ఫై నిండకుండానే, బన్ను తలలో నరం చిట్లి చనిపోయింది. ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి పడిపోయిందట, అంతే.

"ఇచ్చేసి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చెయ్యవే," అంది పెద్దక్క ఫోన్లో. మొదటి వంతు ఈదింది ఆవిడే. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి అయినా జట్టుకి నాయకురాలినేనని ఆవిడ నమ్మకం. "పాత సంగతులు తవ్వకు. ఆవిడ అసలే గుండె రాయి చేసుకుని బతుకుతోంది."

"అలాగేనక్కా," అంది టీచరమ్మ. అసలు పాత సంగతేమిటో పెద్దక్కకి తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే, వాళ్ళలో ఒకరు పోయారు.

మధ్యాహ్నం మూడింటికి ఆమె బేకరీకి వెళ్ళేసరికి బన్ను తల్లి రెండో వాయి పొయ్యిలోకి తోసి, పొయ్యి పక్కనున్న గంటకి కీ తిప్పుతోంది. వీధిలో అందరూ ఆవిడని రొట్టెలమ్మ అంటారు.

"నువ్వా తల్లీ! ఎంత చిక్కిపోయావు! రా, పైకి పోదాం. ఇరవై రెండు నిమిషాలు టైముంది. గంట మోగిందంటే మాత్రం నేను దిగాలి, ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా మాడి చస్తాయి."

ముప్ఫై ఏళ్ళలో ఒక్క వాయి కూడా మాడలేదని ఆవిడ గొప్ప. ఆ గొప్ప ఆ వీధిలో వినని వాళ్ళు లేరు.

బేకరీ మీదే ఆవిడ గది. ఒక మంచం, రెండు కుర్చీలు, తలుపు గొళ్ళెం దాకా పట్టిన పిండి. గోడ మీద బన్ను ఈత ఫొటోలు ఒక్కటీ లేవు, వాటి మేకులున్నాయి. ఒక మేకుకి గొడుగు, ఇంకోదానికి క్యాలెండరు వేలాడుతున్నాయి.

రొట్టెలమ్మ పెట్టె విప్పి, పతకాన్ని అరచేతిలో వేసుకుని పిండిముద్దలా తూచింది. "నాలుగొందల యాభై గ్రాములు," అంది. తర్వాత, "నిలబడి నిద్రపోయిన పిల్లక్కూడా పతకం ఇస్తారా అమ్మాయ్?" అని అడిగింది. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

ఆ మాట ఆవిడ పుట్టించింది కాదు. పేపర్ల వాళ్ళది. రిలేలో ముందు ఈదే మనిషి చెయ్యి గోడకి తగలగానే తర్వాతి మనిషి దిమ్మ మీంచి దూకాలి. తగలకముందే దూకితే జట్టు మొత్తం అవుట్. తగిలాక పావు సెకనులో దూకితే బాగా దూకినట్టు. బన్నుకి ఆ రోజు ముక్కాలు సెకను పట్టింది. జట్టు మూడో స్థానం పోగొట్టుకున్నది సెకనులో నూటికి పదకొండు వంతుల తేడాతో. ఇక చూస్కోండి, ఈత కొట్టడం మాట అటుంచి మోకాలి లోతు నీళ్ళలో దిగడం కూడా రానివాళ్ళు నిపుణులైపోయారు. ఒక పత్రిక బన్నుని దిమ్మ మీద నిలబెట్టిన విగ్రహంలా బొమ్మ వేసి, తల మీద కాకిని కూడా కూర్చోబెట్టింది.

పెద్దక్క చెప్పినట్టు మంచి మాటలు నాలుగూ టీచరమ్మ దారిలో వల్లె వేసుకునే వచ్చింది. ఒక్కటీ నోటికి రాలేదు.

"అది నిద్రపోలేదు పిన్నీ," అంది. "తప్పు నాది."

రొట్టెలమ్మ తలెత్తింది.

"గోడ దగ్గరికి వచ్చేటప్పుడు చివర ఇంకో బార వెయ్యాలి. నాకు ఊపిరందలేదు. బార వెయ్యకుండా చెయ్యి చాపి అలా జారుతూ వచ్చేశాను. నా వేగం చచ్చిపోయింది. బన్నక్క అప్పటికే వంగింది, దూకబోయింది. నా చెయ్యి ఇంకా తగల్లేదని చూసుకుని, కాలివేళ్ళు బిగించి ఆగిపోయింది. ఆగకపోతే అందరం అవుటే. తనే జట్టుని కాపాడింది పిన్నీ. కాగితం మీద ఆ ఆలస్యం దూకేవాళ్ళ పేరునే పడుతుంది. అందుకని అందరూ తననే అన్నారు."

"మరి నువ్వు చెప్పలేదా?"

"స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను, జట్టులోంచి తీసేస్తారని. తను వచ్చి, 'ఏడవకే మొద్దూ, నాకెలాగూ ఇదే ఆఖరేడు' అంది. కోచ్ సార్ వచ్చి ఏమైందని గట్టిగా అడిగారు. నేను నోరు తెరిచేలోపే, 'నేనే చూస్తూ నిల్చుండిపోయాను సార్' అనేసింది. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళు జట్టులో ఈదాను."

చెప్పేసింది. ఎనిమిదేళ్ళుగా మింగలేక కక్కలేక మోసిన మాట. ఇప్పుడావిడ లేచి చెంప పగలగొడుతుందని టీచరమ్మ అనుకుంది. కొడితే బాగుండుననే అనుకుంది.

రొట్టెలమ్మ కొట్టలేదు. పతకాన్ని ఒళ్ళో పెట్టుకుని, కొంగు అంచుతో దాన్ని తుడుస్తూ కూర్చుంది.

"ఆ రోజు కింద దుకాణంలో టీవీ పెట్టాం," అంది. "వీధంతా వచ్చింది. అయిపోయాక ఒకడు, 'పొద్దున్నే లేపుతావుగా పాపం, అందుకే కునుకు తీసింది' అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అది ఇంటికొచ్చి ఇంకా సంచి కింద పెట్టలేదు, గుమ్మంలోనే అనేశాను. 'పద్నాలుగేళ్ళు నేను నిద్ర మానుకుంది నువ్వక్కడ నిలబడి నిద్రపోవడానికా?' అని."

ఈ సంగతి టీచరమ్మకి తెలియదు. బన్ను చెప్పలేదు.

"ఎదురు మాట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే సరిపోయేది, తల్లీకూతుళ్ళం పోట్లాడుకోమా? ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా పక్క ఊళ్ళో ఉద్యోగం చూసుకుని పోయింది. మళ్ళీ నీళ్ళ మొహం చూడలేదు. వచ్చేది, పండూ కాయా తెచ్చేది, బాగున్నావా అంటే బాగున్నాననేది. చుట్టం వచ్చినట్టు వచ్చిపోయేది. ఆ మాట వెనక్కి తీసుకుందామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఈసారి వచ్చినప్పుడు, ఈసారి వచ్చినప్పుడు అనుకుంటూనే..." ఆవిడ ఆగింది. "నువ్వు అప్పుడే చెప్పి ఉంటే నేనా మాట అనేదాన్ని కాదు కదమ్మా."

టీచరమ్మ తన దగ్గరున్న నిజం ఒక్కటీ ఇచ్చేసింది, అది ఈవిడని చల్లబరచలేదు సరికదా నిలువునా కాల్చింది.

"ఎంతసేపు తేడా?" అంది రొట్టెలమ్మ ఉన్నట్టుండి. "మనం ఎంతలో ఓడిపోయాం?"

"సెకనులో నూటికి పదకొండు వంతులు."

"మా పొయ్యి దగ్గర నిమిషాలే గానీ ఈ లెక్కలుండవు. అదెంతో చూపించు."

టీచరమ్మ మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి ఇచ్చింది. పొద్దున పిల్లల పాఠం నుంచీ అక్కడే ఉంది అది. ఎక్కడ నొక్కాలో చూపించింది. రొట్టెలమ్మ కాయలు కాసిన బొటనవేలితో నొక్కి, మళ్ళీ నొక్కింది. నూటికి ఇరవై ఆరు వంతులు. "ఇంతేనా?"

"ఇంకా తక్కువ పిన్నీ."

మళ్ళీ నొక్కింది. ఇరవై రెండు. పళ్ళ బిగువున నొక్కింది. పంతొమ్మిది. ఇంకోసారి, ఇరవై నాలుగు. ఎంత తొందరపడ్డా ఆ పదకొండు ఆవిడ వేలికి దొరకలేదు. మొదలెట్టేలోపే దాటిపోతోంది.

కింద గంట మోగింది.

ఆవిడ కదల్లేదు. మళ్ళీ నొక్కింది.

"పిన్నీ, గంట..."

"వేలు ఎత్తేంత సేపు కూడా లేదు," అంది రొట్టెలమ్మ. "దీనికా నేను నా పిల్లని అంత మాటన్నాను?" అప్పుడు ఏడ్చింది. గొంతు ఎత్తలేదు, కళ్ళు తుడుచుకోలేదు, నొక్కడం మానలేదు. మెట్ల మీంచి మాడువాసన మెల్లగా పైకొచ్చి గది నిండింది. టీచరమ్మ లేవబోతే, "మాడనీ," అంది.

కాసేపటికి పతకాన్ని పెట్టెలో పెట్టి, మూత మూసి, టీచరమ్మ ఒళ్ళోకి తోసింది.

"ఇది నువ్వు పట్టుకుపో. అదెలాగూ నాలుగేళ్ళు నీ తప్పు మోసింది, పోయేదాకా మోసింది. దీన్ని నువ్వు మొయ్యి." తర్వాత స్టాప్‌వాచ్ గుప్పిట్లో బిగించుకుంది. "ఇది మాత్రం నా దగ్గరుంచు."

"అలాగే పిన్నీ," అంది టీచరమ్మ. క్షమించమని అడగాలనుకుంది. అడిగే మొహం తనకి లేదనిపించి, ఊరుకుంది.

ఒక్కతే కిందికి దిగి, రొట్టెలమ్మ వాడే గుడ్డ చేతికి చుట్టుకుని టీచరమ్మే పొయ్యి తలుపు తెరిచింది. పొగ కళ్ళలో కొట్టింది. నలభై రొట్టెలు, నల్లగా, వరసలో ఉన్నవి ఉన్నట్టే మాడిపోయి ఉన్నాయి. పళ్ళేలు ఒక్కొక్కటే లాగి బల్ల మీద పెట్టింది. పైగదిలోంచి నొక్కుడు చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండు టిక్కులు, కాస్త ఆగి, మళ్ళీ రెండు.