మంచినీళ్ళతో కడిగితే

ల్యాబ్‌లో అందరూ ఆమెను ఉప్పమ్మ అంటారు. ఉప్పు మడుగుల్లో బతికే బాక్టీరియాను పెంచడం ఆమె పని కాబట్టి ఆ పేరంటే ఆమెకేం కోపం లేదు. కోపమంతా కంప్యూటర్ తెర మీది గీతల మీదే. తక్కువ ఉప్పులో పెరిగినవాటిని పెట్టినా, చుర్రుమనే ఉప్పులో పెరిగినవాటిని పెట్టినా కాంతిని పంపి పరీక్షించే స్పెక్ట్రోమీటర్ ఒకే గీత గీస్తోంది. ఉప్పును తట్టుకోవడానికి ఇవి ఒంట్లో ఏదో పదార్థం కూడబెట్టుకుంటాయని ఆమె వాదన. అదే నిజమైతే, ఉప్పు పెరిగేకొద్దీ గీతలో కొత్త శిఖరం లేవాలి. సాయంత్రంలోగా లేవకపోతే ఈ పని మూసేసి, మెషిన్ వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని ప్రొఫెసర్ తెగేసి చెప్పాడు.

మెషిన్ నడిపేది ఆమె సొంత చెల్లెలే.

"అక్కా, నీ పురుగులు నోరు విప్పట్లేదు. ఇంక ఒప్పేసుకో."

"అవి చెప్తూనే ఉన్నాయే. మనకే చెవుడు," అంది ఉప్పమ్మ, ఏమాత్రం తగ్గకుండా.

మెషిన్‌లో పెట్టబోయే గొట్టాన్ని అందుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. నీళ్ళు గుడ్డు తెల్లసొనలా తీగలు సాగుతున్నాయి.

"దేంతో కడిగావు?"

"ఇంకేంతో? మంచినీళ్ళతోనే. ఉప్పు మిగిలితే గీత పాడవుతుందని సారే కదా చెప్పింది!"

ఉప్పమ్మ నెత్తి కొట్టుకుంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. ఇవీ పొట్ట పగిలేదాకా తాగి, దాచుకున్నదంతా కక్కేశాయి.

"ఈ కాంతికి ఉప్పు అడ్డే రాదే! ఉప్పు బిళ్ళనే ఈ మెషిన్లకి కాంతి దూరే కిటికీగా పెడతారు." అంత తెలిసీ ఇన్నాళ్ళూ ఆ పద్ధతిని ప్రశ్నించనందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఈసారి ఏ ఉప్పులో పెరిగినవాటిని ఆ ఉప్పునీళ్ళతోనే కడిగి, ఆరబెట్టి పెట్టారు. శిఖరం లేచింది. ఉప్పు ఎక్కువైనవాటిలో ఇంకా ఎత్తుగా లేచింది. చెల్లెలు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

ప్రొఫెసర్ వచ్చి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"అది ఉప్పునీళ్ళది కాదని నమ్మకమేంటి?"

"ఉత్త ఉప్పునీళ్ళ గీత ఇదిగో సార్. శిఖరం లేచిన చోట ఇందులో ఏమీ లేదు. ఈ రెండోది పొద్దున మంచినీళ్ళతో కడగ్గా గిన్నెలో మిగిలిన నీళ్ళది. చూడండి, శిఖరం ఇందులో ఉంది."

ఆయన రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అయితే ఇన్నాళ్ళూ మనం వెతికింది..."

"సింకులో పారబోశాం సార్," అంది ఉప్పమ్మ. "శుభ్రంగా."

ప్రొఫెసర్‌కు నవ్వాగలేదు. మెషిన్ ఉప్పమ్మకే ఉండిపోయింది.