మూడు నెలల ఖాళీ ఫిల్ములు

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు చూడండి, నా మందు అచ్చం అంతే.

మనిషి కణంలో పాతబడ్డ ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం ఒకటుంటుంది, ప్రొటియాజోమ్ అని. దాని నోరు మూయించే మందు తయారు చెయ్యడం నా ఉద్యోగం. ఆ యంత్రాన్ని విడిగా తీసి టెస్ట్‌ట్యూబులో పెడితే నా మందు నిమిషాల్లో ఆపేసేది. బతికున్న కణాలకు ఇస్తే మాత్రం చేతులెత్తేసేది. యంత్రం ఆగితే, ముక్కలు కావలసిన ప్రొటీన్లు పేరుకుపోయి, పరీక్షలో తీసే ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి చారగా కనిపించాలి. మూడు నెలలుగా ఆ చోటు ఖాళీ. సోమవారం దాకా చూసి ఈ మందును పక్కన పెట్టేద్దామని మా ల్యాబు నడిపే మాస్టారు తేల్చి చెప్పేశారు. నాలుగేళ్ల చాకిరీ మరి. నాకు తిండి సహించడం మానేసింది.

మాకు కణాలను పెంచి ఇచ్చేది, ల్యాబులో అందరం పెద్దక్క అని పిలిచే ఆవిడ. ముప్పయ్యేళ్లుగా ఆ పెంపకం గదికి ఆవిడే మహారాణి. కణాలను ‘పిల్లలు’ అంటుంది.

“మీ పిల్లలకే ఏదో తేడా చేసిందక్కా,” అన్నాను గురువారం.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ముందు నీ మందు సంగతి చూసుకో తల్లీ.”

ఒళ్లు మండింది. తప్పు పట్టుకుందామనే శుక్రవారం పొద్దున్నే వెళ్లి ఆవిడ వెనకాల నిలబడ్డాను. పెద్దక్క కణాలు మునిగి ఉండే గులాబి రంగు మీడియం మార్చింది. తర్వాత ఒక చిన్న సీసా తీసి, ఒక్కో పళ్లెంలో రెండు చుక్కలు వేసింది.

“అదేంటక్కా?”

“విటమిన్ సి. ఈ కొత్త కణాలు మూడు నెలల కిందట వచ్చినప్పట్నుంచీ నీరసంగా ఉన్నాయి కదా, రోజూ రెండు చుక్కలు వేస్తున్నా. చూడు, ఎంత కళగా ఉన్నాయో!”

నా మందు కొసన బోరాన్ ఉంది. యంత్రాన్ని పట్టుకునే కొక్కెం అదే. దారిలో విటమిన్ సి కనిపిస్తే అది దానికే అతుక్కుపోతుంది, కణం గడప కూడా తొక్కదు. కెమిస్ట్రీ చదివినదాన్ని, ఇది నాకు తెలిసిన విషయమే. తెలియనిదల్లా ఆ రెండు చుక్కల సంగతి.

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. విషయం చెప్పగానే పెద్దక్క మొహం పాలిపోయింది. వెంటనే చుక్కలు వెయ్యని కొత్త పళ్లేలు సిద్ధం చేసింది. శని, ఆదివారాలు ఇద్దరం కలిసే పనిచేశాం. ఆదివారం సాయంత్రం ఫిల్ము మీద చార పడింది, కాటుకలా నల్లగా. పెద్దక్క నన్ను గట్టిగా వాటేసుకుంది. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. ఈ మాట మా ఆయన చెవిన పడకపోతే మేలు.

మాస్టారికి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ‘మీడియంలో లోపం’ అని మాత్రం రాసి ఊరుకున్నాను. ఇంకో నెలలో ఆవిడ రిటైరవుతుంది, ఇన్నేళ్లలో ఒక్క మాట పడలేదు.

పెద్దక్క నా భుజం మీదుగా చదివింది. “ఇదేం రాత? ఎవరు, ఏం కలిపారో లేదే?”

“ఎందుకులెండక్కా, పోనివ్వండి.”

“ఎలా పోనిస్తాం? విటమిన్ సి, రోజూ రెండు చుక్కలు, వేసింది నేను. అలాగే రాయి. నా పరువు కోసం దాచావనుకో, రేపు నీలాంటి పిల్ల ఇంకొకతి మూడు నెలలు ఏడుస్తుంది.”

రాశాను. రాస్తూంటే సిగ్గేసింది. మూడు నెలలుగా ఆవిడ కణాలను తిట్టుకున్నానే గానీ, వీటికి ఏం పెడుతున్నారక్కా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. కింద ఇంకో వాక్యం చేర్చాను: ‘అడగాల్సింది నేను, అడగలేదు.’

పెద్దక్క అదీ చదివింది. “ఇప్పుడు సరిపోయింది,” అని నా చేతిలో పెన్ను తీసుకుని ముందు తనే సంతకం పెట్టింది.