తాడు లేని చక్రం

నీకే చెబుతున్నాను, పక్కకు చూడకు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోతావు. పోయేముందే మందుల షాపులో నీకు తోచిన మాత్ర కొని మింగి ఉంటావు. "ఏమైనా వేసుకున్నావా?" అని ఆయన అడిగితే "లేదు సార్" అంటావు. రోగం తిరగబెట్టాక ఆయన్నే తిడతావు. నీ జ్వరంతో నీ ఒళ్ళు ఒక్కటే చెడుతుంది కాబట్టి సరిపోయింది. మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బండి విషయంలో ఇదే పని చేసినవాడి సంగతి చెబుతాను, విను.

అంబరీష్ కోలారు బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్ లైన్లలో, గని కూలీలకని కట్టిన వరస ఇళ్ళలో, ఉంటాడు. వాళ్ళ తాత చిత్తూరు పక్కనుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. గని మూతపడింది, మనవడికి ఒక పాత ఓమ్ని వ్యాను మిగిలింది. తెల్లవారగానే దాన్ని తడిగుడ్డతో తుడుస్తాడు. బెంగళూరు రైలుకు పోయేవాళ్ళను స్టేషన్లో దింపుతాడు. తర్వాత మార్కెట్టు నుంచి కూరగాయల మూటలు వేసుకొస్తాడు. మధ్యాహ్నం భార్య నేత్రావతి పెట్టిన సంగటి తిని కాసేపు నడుం వాలుస్తాడు. సోమరి కాదు, తాగడు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

లైన్ల వెనక పాత షాఫ్టు, మనుషుల్ని గనిలోకి దింపిన ఇనుప గోపురం, నిలబడి ఉంది. గని మూశాక తాడు తీసేశారు, మోటారు తీసేశారు, పైనున్న పెద్ద చక్రం మాత్రం మిగిలింది. ఆ చక్రం కనిపించే చోట ఎవరైనా అబద్ధమాడితే అది కిర్రుమని ఒక చుట్టు తిరుగుతుంది. ముసలి చక్రం కాబట్టి వెంటనే తిరగదు, ఒక ఆవలింత తీసేంత ఆలస్యం చేస్తుంది. అందుకే నలుగురు మాట్లాడుకునేచోట అది ఎవరి మాటకు తిరిగిందో తేల్చడం కష్టం. లైన్లలోని వాళ్ళకు ఇది ఎండా వానా లాంటిదే. చక్రం కిర్రుమంటే ఆడవాళ్ళు బియ్యం కడుగుతూనే "ఎవరో చెప్పినారు" అనుకుంటారు. పెళ్ళి మాటలు ఇక్కడ మాట్లాడుకోరు, బంధువుల ఊళ్ళకు పోయి మాట్లాడుకుంటారు. ఎన్నికల్లో నిలబడినవాళ్ళ మైకులు రాబర్ట్‌సన్‌పేట దాటి ఇటు రావు. చక్రం తిరిగినప్పుడు ఎదుటివాడి మొహంలోకి చూడకపోవడం ఇక్కడి మర్యాద.

ఒకరోజు వ్యాను బ్రేకు మెత్తబడింది. రెండుసార్లు తొక్కితేగాని పట్టడంలేదు. మెకానిక్ దగ్గరికి పోతే లేనిపోనివన్నీ చెబుతాడని అంబరీష్‌కు భయం. ఫోన్లో ఒక వీడియో చూశాడు. అందులోని మనిషి హిందీలో మాట్లాడుతున్నాడు. అంబరీష్‌కు సగం అర్థమైంది, మిగతా సగం అర్థమైనట్టే అనిపించింది. బ్రేకాయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గితే పోయాలి, అంతే కదా అనుకున్నాడు. చూస్తే నిజంగానే తగ్గింది. ఇంట్లో ఇంజనాయిల్ కొంచెం మిగిలి ఉంది. ఆయిల్ ఏదైతేనేమి అని దాన్ని నిండా పోసి మూత పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. వీడియో మనిషి ఏ ఆయిల్ పోయాలో చెప్పే ఉంటాడు. అది అర్థంకాని సగంలో పడిపోయింది.

వారం తిరగకుండానే బ్రేకు పట్టుకుంటే వదలకుండా అయింది. టైర్ల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, మాడిన వాసన. అప్పుడు బండి తీసుకుని మునేష్ షెడ్డుకు పోయాడు. మునేష్ లైన్ల చివర, షాఫ్టు నీడ పడే చోట పనిచేస్తాడు. నోరు కొంచెం దురుసు.

"బ్రేకు పట్టుకుంటే వదలకుండా ఉండాది అన్నా" అన్నాడు అంబరీష్.

"మా అల్లుడికీ అదే రోగం. పండక్కని వచ్చినాడు, ఇంగా యింట్లోనే ఉండాడు" అంటూ మునేష్ ముందు టైరు విప్పాడు. లోపలి రబ్బరు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది ఉబ్బిపోయిండాది. దీనికి రెండు కారణాలప్పా. రబ్బరు డూప్లికేట్‌దన్నా కావాల, లేదా వేరే ఆయిల్ ఏదన్నా పడిండాల. డూప్లికేట్ అయితే ముందరివి మారిస్తే చాలు. వేరే ఆయిల్ అయితే నాలుగు పక్కలా దించి, పైపులు కడిగి, పైనుండే సిలిండరుతో సహా ప్రతి రబ్బరూ మార్చాల. ఆయిల్ నల్లగా ఉండాది. పాతబడినా నల్లగానే ఉంటాది, చూసి చెప్పలేను. నువ్వేమన్నా పోసినావా?"

"లేదన్నా. నేను చెయ్యే పెట్టలేదు."

మునేష్ ఊపిరి తీసుకోకుండా అందుకున్నాడు. "నన్నడిగితే అన్నీ మార్చేదే మేలు. నా లాభానికి చెప్పేది కాదు ఇది."

పైన చక్రం కిర్రుమని ఒక చుట్టు తిరిగి నిలిచింది.

ఇద్దరూ మర్యాదగా నేల చూశారు. నేల మీద ఒక నట్టు ఉంటే, ఇద్దరూ దాన్నే చూశారు. మునేష్ ఆ నట్టు తీసి జేబులో వేసుకుని అన్నాడు: "నేనెవుర్నీ ఏమీ అడగను. అన్నీ దించేటట్లయితే బండి వదిలేసి పో. బ్రేకు పని నేను సగం చెయ్యను."

అంబరీష్ టైరు బిగించుకుని ఇంటికొచ్చేశాడు. మంచం మీద పడుకున్నాడు గాని మనసు నిలవలేదు. చక్రం ఎవరికి తిరిగింది? నా మాట కాగానే మునేష్ మాట వచ్చింది. ఆలస్యంగా తిరిగేది కాబట్టి నా మాటకే కావచ్చు. ఈసారి తొందరగా తిరిగుంటే మునేష్ మాటకు. అయినా నేను చెప్పింది అబద్ధమా? చెయ్యి పెట్టలేదన్నాను. డబ్బాతో పోశాను గాని చెయ్యి ఎక్కడ పెట్టాను, అనుకున్నాడు. ఇట్లా అబద్ధాన్ని చీల్చి చీల్చి, దాంట్లో నిజం పీచు వెతికేవాళ్ళను నేను చాలామందిని చూశాను. నువ్వూ చూసి ఉంటావు. అద్దంలోనైనా చూసి ఉంటావు.

సాయంత్రం వాకిట్లో నిలబడి చక్రం వైపు తిరిగి "మునేష్ మోసగాడు" అన్నాడు. చక్రం కదల్లేదు. సంతోషమైంది. మళ్ళీ అనుమానమొచ్చి "మునేష్ మంచోడు" అన్నాడు. అప్పుడూ కదల్లేదు. అంబరీష్‌కు తల తిరిగింది.

పక్కింటి చెన్నమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. "ఏమిరా నాయనా, చక్రంతో పంచాయితీ పెట్టినావు?"

"రెండు మాటలూ నిజం ఎట్లవుతాయి అవ్వా?"

"అది తప్పొప్పులు చెప్పదు. లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి అంటేనే తిరుగుతాది. నీ లోపలేముండాదో నీకే తెలీకపోతే దానికెట్ల తెలుస్తాది? ముసిలిది, దాన్ని సతాయించొద్దు."

చెప్పి చూడవలసిన మాట ఇంకొకటి ఉంది. "నేనేమీ పోయలేదు" అన్నది. దాన్ని మాత్రం అంబరీష్ చెప్పి చూడలేదు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మరుసటి రోజు బంగారపేట రోడ్డులో ఇంకో మెకానిక్‌ను వెతుక్కున్నాడు. పేరు సునీల్‌కుమార్. కుర్చీ వేసి, టీ తెప్పించి, సార్ అని పిలిచేవాడు. అక్కడినుంచి షాఫ్టు కనిపించదు. "ఏమన్నా పోసినారా సార్?" అని అతనూ అడిగాడు. "ఛ, నాకేం తెలుసప్పా ఆ పని" అన్నాడు అంబరీష్. ఏదీ కిర్రుమనలేదు. సునీల్‌కుమార్ ఆ మాట నమ్మి ముందు టైర్ల రబ్బర్లు మార్చాడు. వెనకవీ, పైనవీ అట్లాగే ఉండిపోయాయి. అతని తప్పేమీ లేదు. విన్నదానికి తగిన పని చేశాడు.

కొన్నాళ్ళు బ్రేకు బాగానే పట్టింది. చూశావా, అబద్ధం మునేష్‌దే అని అంబరీష్ తేల్చుకున్నాడు. స్టేషన్ మనుషుల్ని ఎక్కించుకుని తిరిగాడు. ఒక సాయంత్రం మాడిన వాసన మళ్ళీ వచ్చింది. ఎవరో చెత్త కాలుస్తున్నారని అనుకున్నాడు. ఎవరూ కాల్చడంలేదని ముక్కుకు తెలుసు.

నేత్రావతి పుట్టిల్లు క్యాసంబళ్ళి. అక్కడ ఆమె తల్లి అక్కయమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. ఆమెకు ఆ పంట తప్ప వేరే ఆధారం లేదు. పురుగులు గూళ్ళు కట్టాయి, వాటిని చంద్రికలనే వెదురు తడికల నుంచి విడిపించి పెట్టింది. పట్టుగూళ్ళకు గడువుంటుంది. ఆ గడువులో మార్కెట్టుకు పోకపోతే లోపలి పురుగు రెక్కలొచ్చి పట్టుచిలుకై గూటికి చిల్లు చేసుకుని బయటికొస్తుంది. చిల్లుపడిన గూటిని ఎవరూ కొనరు. అల్లుడు వ్యాను తెస్తాడు, గూళ్ళు కోలారుకు వేసుకుపోతాడు. ఇది ప్రతిసారీ జరిగేదే. ఆమె వేరే బండి మాట్లాడుకోలేదు.

ఆ పొద్దున నేత్రావతి తల్లికోసం చేసిన రొట్టెల మూట పట్టుకుని వ్యానులో ఎడమ పక్క సీట్లో కూర్చుంది. కూర్చుని, అట్లా మాటవరసకే అడిగింది.

"బ్రేకు బాగయ్యిందా ఏమయ్యా?"

"ఫస్ట్ క్లాస్‌గా ఉండాది. ఇంగ దానికేమీ లేదు."

చక్రం కిర్రుమంది.

ఆ సమయంలో వీధిలో వేరే మనిషి లేడు. చెన్నమ్మ ఉంది గాని ఆమె నోటినిండా పళ్ళపొడి. చెన్నమ్మ చక్రాన్ని చూసి, వ్యానును చూసి, వెనక్కి తిరిగి ఉమ్మేసింది.

నేత్రావతి మర్యాద తప్పింది. మొగుడి మొహంలోకి నేరుగా చూసింది. తర్వాత మూట తీసుకుని దిగింది.

"నేను బస్సులో పోతా. నువ్వూ దీంట్లో పోవద్దు. మునేషన్న దగ్గరికి పో."

"అత్త గూళ్ళు ఈ పొద్దు పోవాల. చక్రానికేం, గాలికి కూడా తిరుగుతాది."

చక్రం మళ్ళీ తిరిగింది. గాలి లేదు.

అప్పుడైనా దిగి ఉండాల్సింది. దిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని బండి తీశాడు. మునేష్ షెడ్డు ముందునుంచే పోయాడు. మునేష్ మాడిన వాసన పసిగట్టి ఆగమని చెయ్యి ఎత్తాడు. అంబరీష్ తల తిప్పుకున్నాడు.

బంగారం తీశాక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ పక్కన రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. కింద ఆవులు అడ్డమొచ్చాయి. బ్రేకు తొక్కితే మొదట రాయిలా గట్టిగా ఉంది, తర్వాత ఏమీ లేనట్టు నేలదాకా పోయింది. అంబరీష్ స్టీరింగు తిప్పేశాడు. వ్యాను ఎడమ పక్కగా పోయి దిబ్బ కిందున్న బండకు కొట్టుకుంది. నేత్రావతి కూర్చునే సీటు డోరుతో కలిసి మడిచిన చాపలా అయిపోయింది. ఆ సీట్లో ఎవరూ లేరు. అంబరీష్ కుడి కాలు లోపల ఇరుక్కుని రెండుచోట్ల విరిగింది.

అక్కయమ్మతో సహా అందరూ కోలారు ఆసుపత్రికి పరిగెత్తారు. గూళ్ళు క్యాసంబళ్ళిలోనే ఉండిపోయాయి. గడువు దాటాక ఆమెకు గుర్తొచ్చి పోయి చూసేసరికి ఇల్లంతా తెల్లటి పట్టుచిలుకలు. గోడల మీద, దేవుడి పటం మీద, అక్కయమ్మ కొంగు మీద వాలి ఉన్నాయి. ఆమె తిరిగి ఆసుపత్రికి వచ్చి అల్లుడి మంచం పక్కన కూర్చుంది. తిట్టలేదు.

"పురుగు కూడా టయానికి బయటికొచ్చింది నాయనా. నీ నోట్లోది ఒక్కటే రాలేదు" అంది.

మునేష్ కూడా చూడ్డానికి వచ్చాడు. అంబరీష్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "పోసినా అన్నా. ఇంజనాయిల్ పోసినా."

"ఇప్పుడు చెప్పి ఏమి లాభమప్పా" అన్నాడు మునేష్ కిటికీ వైపు చూసి. "నమ్ముదామంటే ఈడ చక్రం కూడా కనపడదు."

వ్యాను తుక్కుకు పోయింది. కాలు అతుక్కుంది గాని వంగదు. అంబరీష్ ఇప్పుడు లైన్ల మొగదల చిన్న అంగడి పెట్టుకుని బీడీలు, బిస్కెట్లు అమ్ముతాడు. వీటిని నేను వాడు చెల్లించిన వెల అనను. కాలు విరగడం ఎవరికైనా జరుగుతుంది.

నేత్రావతి వాడిని వదిలిపోలేదు. వండుతుంది, పెడుతుంది, కాలికి నూనె రాస్తుంది. కాని ఇంట్లో ఉన్నప్పుడు ఏమీ అడగదు. ఏదైనా అడగాలంటే "కొంచెం బయటికి రాయ్యా" అంటుంది. వాడు కర్ర పట్టుకుని కాలీడ్చుకుంటూ వాకిట్లోకి వస్తాడు. "తిన్నావా?" అని అడుగుతుంది. "తిన్నా" అంటాడు వాడు, తినే ఉంటాడు. ఆమె వాడి మొహం చూడదు, షాఫ్టు పైకి చూస్తుంది. చక్రం కదలదు. అయినా ఆమె వెంటనే లోపలికి పోదు. ముసలి చక్రం కదా, ఆలస్యంగా తిరుగుతుందని ఇంకాసేపు అక్కడే నిలబడుతుంది. వాడూ కర్ర మీద ఆనుకుని, ఆమె పక్కన నిలబడతాడు.