గుల్నార్ నోటి కళ్లెం

గుర్రం నాలుక మీద అడ్డంగా పడుకునే ఇనుప కడ్డీని నేను. తోలు పట్టీలూ పగ్గాలూ కలిపి మొత్తాన్నీ కళ్లెమనే పిలిచేవాళ్లున్నారు గానీ, అసలు పని నాది. మిగతావన్నీ నా బంధుబలగం. పగ్గానికి ఒక కొసన మనిషి చెయ్యి, ఇంకో కొసన గుర్రం నోరు, మధ్యలో నేను. చెయ్యి ఎంత కోపంగా ఉందో, నోరు ఎంత నొచ్చుకుందో నాకు ఒకేసారి తెలిసిపోతుంది. తెలిసి ఏం లాభం? చెప్పడానికి నాకు నోరు లేదు.

కాన్పూరులో ఒక కార్ఖానాలో పుట్టాను. రెండు ముక్కలు పోతపోసి, నడుమ కీలు వేసి, చెరో చివరా రంధ్రం చేసి రింగులు తొడిగారు. హైదరాబాదుకు వచ్చి, పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఒకాయన చేతిలో పడ్డాను. పైన కూర్చున్న పెళ్లికొడుకు పగ్గం పట్టుకుని రాజులా ఫోజు పెట్టేవాడు. గుర్రాన్ని నడిపించేది మాత్రం కింద నడిచే ఈ ఆసామే. బ్యాండు అదిరి గుర్రం బెదిరినప్పుడల్లా రింగు పట్టి ఒక్క గుంజు గుంజేవాడు. ఎప్పుడూ ఎడమవైపే. గుంజగా గుంజగా ఆ రింగు దూరే రంధ్రం అరిగి, దాని అంచు కత్తిలా తేలింది. పైకి కనిపించదు.

ఆయన ఆ పని మానేశాక, ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే స్కూలు వాళ్లు పాత సామానుతో పాటు నన్నూ తెచ్చుకున్నారు. అక్కడ స్వారీ నేర్పేది జహంగీర్ సార్. అరవై దాటిన మనిషి. చలికాలం పొద్దున నన్ను చంకలో పెట్టుకుని వెచ్చబరిచాకే గుర్రం నోట్లో పెట్టేవాడు. ఇంత ప్రేమ నేనెక్కడా చూడలేదు. కానీ ఆ ప్రేమగల మనిషి కూడా ఒక్కసారైనా నా అంచు తడిమి చూడలేదు.

వానాకాలంలో గుల్నార్ వచ్చింది. పందేల్లో గెలవడం మానేసిన ఎర్రటి ఆడగుర్రం. నన్ను దానికే కేటాయించారు. స్కూల్లో నేర్చుకునేవాళ్లు మైదానం చుట్టూ ఎడమకే తిరుగుతారు. ఎడమ పగ్గం లాగగానే నా అంచు దాని పెదవి మూలను కోసేది. అది ముందుకాళ్లు పైకి లేపేది. ముగ్గురిని కింద పడేసింది. మొండిదన్నారు, పిచ్చిదన్నారు, బెత్తంతో కొట్టారు. నేరం నాదని నాకు తెలుసు. శిక్ష మాత్రం దానికి పడింది.

చివరి కొట్టంలో దాన్ని ఒంటరిగా కట్టేశారు. మిగతా గుర్రాలకు పిల్లలు అరటిపళ్లు తినిపించేవాళ్లు, దీని దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. దాని గుమ్మానికే వేలాడుతూ నేనుండేదాన్ని. ఒకరికొకరం తోడే గానీ, నన్ను చూస్తే అది మొహం గోడకు తిప్పుకునేది. చివరికి స్కూలు యజమాని తేల్చి చెప్పేశాడు: సోమవారం దీన్ని బరాత్‌ల వాళ్లకిచ్చేస్తాం. చెవి పక్కన టపాకాయలు పేలే ఆ బతుకు నాకు తెలియనిదా!

ఆ నెలలోనే చంద్రకళ చేరింది. నలభై ఆరేళ్లు. భర్త పోయి మూడేళ్లయింది, పిల్లల్లేరు. గాజుల దుకాణం నడుపుకుంటుంది. ఈ వయసులో స్వారీ ఏమిటమ్మా అని జహంగీర్ సార్ అడిగితే నవ్వింది.

“నా పెండ్లిల ఆయన గుర్రమెక్కిండు సార్. నేను ఎన్క నడిచిన. పైకెల్లి సూస్తె ఎట్లుంటదో ఒక్కసారన్న సూడాలె.”

సోమవారానికి ముందటి ఆదివారం ఆమె మెత్తటి గుర్రాలన్నింటినీ దాటుకుని చివరి కొట్టం ముందు ఆగింది.

“దీనితోని ఎవ్వలు మాట్లాడరా సార్?”

“వద్దమ్మా, అది మనిషిని నిలువనియ్యది. రేపు పోతది.”

“నేను ఎక్కుత అంటలేను. కళ్లెం తొడుగుత, అంతే. పోయేముందు ఒక్క మనిషన్న దాన్ని నిమ్మళంగ ముట్టుకోవాలె కదా.”

ఆయన కాదనలేక నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అలవాటుగా ఒక పని చేసింది. దుకాణంలో ఎవరి చేతికైనా గాజు ఎక్కించే ముందు లోపలి అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుంటుందట, ఎక్కడైనా గరుకుందేమోనని. ముప్పై ఏళ్ల అలవాటు. నా రంధ్రంలోనూ అలాగే వేలు తిప్పింది. చివ్వున రక్తం వచ్చింది.

“సార్, గీ అంచు సూడుండ్రి. నా గాజుకు గిట్లుంటె ఆ చెయ్యి మల్ల నా దుకాణం గడప తొక్కదు.”

జహంగీర్ సార్ గుల్నార్ పెదవి విప్పి చూశాడు. ఎడమ మూలన మానీ మానని గాయం. తిరగేసి ఉన్న బకెట్టు మీద కూలబడ్డాడు.

“నాలుగు నెలలు కొట్టిన దీన్ని. నొప్పని చెప్తుంటె మొండిదని కొట్టిన” అని ఏడ్చాడు.

నన్ను పక్కన పడేసి, మెత్తటి తాడుతో దాని మూతి చుట్టూ పట్టీ కట్టాడు. చంద్రకళను ఎక్కించి, తాడు పట్టుకుని పక్కన నడిచాడు. గడ్డిలో పడి నేను చూస్తూనే ఉన్నాను. ఎడమ మలుపు వచ్చింది. గుల్నార్ ఒక్క క్షణం ఆగింది, రావలసిన నొప్పి కోసం ఎదురుచూసినట్టు. రాలేదు. మెల్లగా తిరిగింది. పైన చంద్రకళ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మర్నాడు బరాత్‌ల వాళ్లు ఖాళీ చేతులతో వెళ్లిపోయారు.

జహంగీర్ సార్ నన్ను ఆకురాయితో రుద్దించాడు. ఇప్పుడు నేను నున్నగా ఉన్నాను. పెదవి మానాక ఒకరోజు నన్ను వెచ్చబరిచి గుల్నార్ ముందు పెట్టాడు. అది వాసన చూసి, పళ్లు బిగించి, మొహం గోడకు తిప్పుకుంది. ఆయన బలవంతపెట్టలేదు. దానికి కొత్త కళ్లెం తెచ్చాడు.

నేను సామాన్ల గదిలో మేకుకు వేలాడుతున్నాను. కొత్తగా చేరినవాళ్లందరిచేతా ఆయన ముందు నా రంధ్రంలో వేలు తిప్పిస్తాడు. “నోట్లె పెట్టేముందు గిట్ల సూసుకోవాలె” అంటాడు. అందరూ శ్రద్ధగా తడుముతారు, తిరిగి మేకుకు తగిలించి వెళ్లిపోతారు. కిటికీలోంచి ఆదివారాలు చంద్రకళ, గుల్నార్ కనిపిస్తారు. నాకు సంతోషమే, నిజంగా సంతోషమే. కానీ చలికాలం పొద్దున ఆయన ఆ కొత్త కళ్లేన్ని చంకలో పెట్టుకుని నా ముందు నుంచే నడిచి వెళ్తాడు. నేను మేకు మీద చల్లగా ఉంటాను.