కొర్రల మిషను మెడలో రూపాయి బిళ్ళ

నేనొక పిరికి మిషన్ని. ఇనుముకు భయమేంటని నవ్వకండి. కొర్రలకు పొట్టు తీయడం నా పని. లోపల గిర్రున తిరిగే చక్రమే నా ప్రాణం. దానికి గట్టిదేదైనా తగిలిందా, నా పని అయిపోయినట్టే.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట జహీరాబాద్‌లో ఒక సేటు కొన్నాడు. డబ్బులు పడ్డాయని ఫోను డబ్బా అరిస్తేనే నా స్విచ్చి వేసేవాడు. గిరాకీ తగ్గగానే నన్నొక పల్లెలోని ఆడవాళ్ళ సంఘానికి అంటగట్టి, బదులుగా బండెడు జొన్నలు తీసుకున్నాడు. "డబ్బుల్లేని సంఘమట!" అని వెనకాల ఒకటే నవ్వు.

నిజమే, అక్కడ నా దగ్గర పైసల మాటే లేదు. పొట్టు తీయించుకున్నవాళ్ళు నన్ను నడిపే తుల్జమ్మకు దోసెడు కొర్రబియ్యం ఇచ్చి, సంఘం కుండలో ఇంకో దోసెడు వేసిపోయేవాళ్ళు. లేనివాళ్ళు ఆ కుండలోంచి తీసుకునేవాళ్ళు. ఎవరెంత తీశారని అడిగే నాథుడు లేడు. మనుషులు ఇంత నమ్మకంగా బతుకుతుంటే చూసి నాకు గుండె దడ. ఎన్నాళ్ళు సాగుతుందమ్మా ఇది?

తుల్జమ్మకు కుడి జబ్బ పడిపోయింది, రోకలి ఎత్తలేదు. నేనుంటేనే ఆమెకు ఊళ్ళో కూడు. నేను పోతే పట్నం పోయి బిల్డింగుల కాడ ఇటుకలు మోయాలి, ఆ ఒక్క చేత్తోనే.

ఆ ఏడు తొలి పంట మొగులమ్మ అనే ముసలామె తెచ్చింది. రాళ్ళు లేకుండా శుభ్రంగా చెరిగింది. చెరిగాక, కళ్ళంలో గింజల రాశిలో పెట్టినట్టే, లక్ష్మి ఉండాలని పసుపు పూసిన రూపాయి బిళ్ళ సంచిలో వేసింది. తియ్యడం మరిచింది.

ఫట్!

నా చక్రం రెక్కలు విరిగాయి. తెగిన బెల్టు తుల్జమ్మ చెంప పక్కనుంచి పోయింది. ఆమె స్విచ్చి ఆపి, చెయ్యి పెట్టి వంకరపోయిన బిళ్ళను బయటికి తీసింది.

"నీ లచ్చిమి పాడుగాను! పైసల్లేని కాడ గీ బిళ్ళ ఏడికెళ్లొచ్చిందే ముసలీ?"

"తీసుడు మర్సిన బిడ్డా..." మొగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడే పాత ఇనుము కొనేవాడు దిగాడు. నన్ను తట్టి చూసి, కాంటా కొక్కెం నా కాలికి తగిలించబోయాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో మెకానిక్ ఖలీల్ వచ్చి మూత విప్పాడు.

"కొత్త చక్రం వెయ్యాలె. పైసలున్నయా?"

"పైసలు లెవ్వన్నా, కొర్రలున్నయి," అంది తుల్జమ్మ.

"కొర్రలా? మా అమ్మీకి షుగరు, గదే తినుమన్నడు డాక్టరు. బస్తెడు బియ్యం చేసియ్యుర్రి, చక్రం నేను తెస్త."

బియ్యం చేసేదాన్ని నేనే కదా! నేనేమో పొట్ట విప్పుకుని పడున్నాను. అందరూ నా వైపు చూశారు. మొగులమ్మ ఇంటికి పోయి రోకలి తెచ్చింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళూ తెచ్చారు.

దబ్, దబ్, దబ్. ఆ చప్పుడుకు నాకు కాంటా కొక్కేన్ని మించిన భయం పట్టుకుంది. మళ్ళీ రోకళ్ళకు అలవాటు పడితే వీళ్ళకు నేనెందుకు? కానీ మొగులమ్మ అరచేతులు బొబ్బలెక్కి పగిలి, రోకలికి నెత్తురు అంటింది. "జరుగే అవ్వా," అని పక్కవాళ్ళు అన్నా వినలేదు. తుల్జమ్మ చాటను ఒంటికి ఆనించుకుని, ఎడం చేత్తోనే ఏడుస్తూ చెరిగింది. బస్తా నిండింది. అప్పుడు నాకు సిగ్గేసింది.

చక్రం వచ్చింది. మొగులమ్మ గుడ్డ చుట్టిన చేతులతో ఆ వంకర బిళ్ళను నల్లదారానికి కట్టి, దిష్టి తగలకుండా నా మెడకు వేసింది. లోకమంతా దాని వెంటపడి ఉరుకుతుందట. ఇక్కడ దానికి నా మెడలో వేలాడటమే పని.

స్విచ్చి వేయగానే అది నా ఒంటికి టక్కుమని తగులుతుంది. నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. తుల్జమ్మ వెంటనే స్విచ్చి ఆపి, చెరిగిన గింజల్ని మళ్ళీ చేత్తో కలియబెట్టి చూస్తుంది.

"ఏం లేదు, భయపడకు," అంటుంది. అంటూనే ఇంకోసారి గింజల్ని కలియబెడుతుంది.